సూటుకేసుకున్న తూకం కారుకు అక్కరలేదా?

ఇండియా ప్రయాణం అనేసరికి మన ఇళ్ళలో జరిగే తతంగం అందరికీ తెలిసిందే. ముందటి రాత్రి సూటుకేసులన్నీ హాల్లోకి వస్తాయి. ఇంటాయన బాత్‌రూము త్రాసు మీద ముందు తానొక్కడే ఎక్కుతాడు. దిగి, సూటుకేసు ఎత్తుకుని మళ్ళీ ఎక్కుతాడు. తీసివేత లెక్క పిల్లలు చేస్తారు. 30 కిలోలకు అరకిలో ఎక్కువైతే పాలపొడి డబ్బా ఇందులోంచి అందులోకి, అందులోంచి చేతిసంచిలోకి ప్రయాణం చేస్తుంది. ఈ పాట్లన్నీ కౌంటరు దగ్గర నాలుగు రియాళ్ళు అదనంగా కట్టవలసి వస్తుందేమోనని.

అదే మనుషులం, అదే సామానుతో కారెక్కేటప్పుడు మాత్రం త్రాసు మాటే తలపెట్టము. "ఎంతమంది పడతారు?" అని అడుగుతాము గాని "ఎన్ని కిలోలు మోస్తుంది?" అని అడగము. డిక్కీ తలుపు మూతపడితే చాలు, బరువు సరిపోయినట్టే లెక్క. మూతపడకపోతే ఒకరు డిక్కీ మీద కూర్చుంటారు, ఇంకొకరు తాళం వేస్తారు.

మేమూ అలాగే ఉండేవాళ్ళం. రెండేళ్ళ క్రిందట సలాలా దారిలో జరిగిన సంగతి తరువాత మారాము. మాకు పట్టిన బుద్ధి మరొకరికి అంత కష్టపడకుండానే వస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

సలాలా దారిలో

ఖరీఫ్ రోజులు. ఇక్కడ ఖురంలో గాలి కూడా ఉడికిపోతుంటే అక్కడ ధోఫార్ కొండల మీద జల్లులు, పచ్చగడ్డి, పొగమంచు. ఊరి నుంచి పిల్లల అమ్మమ్మ, తాతయ్య వచ్చి ఉన్నారు. వాళ్ళకు ఎడారే కాదు, ఈ దేశంలో పచ్చదనం కూడా ఉందని చూపించాలని మా ముచ్చట. దూరం సుమారు వెయ్యి కిలోమీటర్లు. మాది ఏడు సీట్ల బండి. మేమిద్దరం, పెద్దవాళ్ళిద్దరు, పిల్లలిద్దరు, వెరసి ఆరుగురం. ముందటి రోజు సాయంత్రం ఒక మిత్రుడు ఫోను చేసి, "మీ బండిలో చోటుంటే నేనూ వస్తాను" అన్నాడు. సీటు ఖాళీగానే ఉంది కదా! "దానికేం, రండి. సర్దుకుందాం" అన్నాము.

సర్దుకోవడం మన రక్తంలోనే ఉంది. చిన్నప్పుడు అంబాసిడర్ కారులో పెళ్ళికి తరలివెళ్ళిన వాళ్ళం. ముందు నలుగురు, వెనుక అయిదుగురు, ఒళ్ళో పిల్లలు, పైన కేరియరు మీద బిందెలూ పెట్టెలూ. ఏమీ కాలేదే అంటాము. నిజమే. కాని ఆ రోడ్ల మీద ఆ బండి గంటకు 50 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. ఇక్కడ హైవే మీద 120. వేగం రెట్టింపైతే బండిలో దాగిన శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 50కీ 120కీ మధ్య తేడా దాదాపు ఆరింతలు. అంబాసిడర్ నాటి "సర్దుకుందాం" ఈ రోడ్ల మీద చెల్లదు.

తెల్లవారుజామున బయలుదేరాము. నిజ్వా దాటాము, ఆదం దాటాము. అక్కడి నుంచి హైమా వైపు దారి గీత గీసినట్టు ఉంటుంది. అటూ ఇటూ చెట్టు లేదు, మలుపు లేదు. పది గంటలయ్యేసరికి తారు మీద ఎండ నీళ్ళలా మెరుస్తోంది. స్టీరింగు కొంచెం వణికినట్టనిపించింది. రోడ్డు గతుకేమో అనుకున్నాము. రెండు నిమిషాల తరువాత వెనుక కుడివైపు "ఢాం" అని పేలింది. బండి ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగింది. ఆ సమయాన మా ఇద్దరిలో చక్రం పట్టినవారు బ్రేకు మీద కాలు వేయలేదు. స్టీరింగు గట్టిగా, నిటారుగా పట్టుకుని, కాలు యాక్సిలరేటరు మీంచి తీసి, బండి వేగం దానంతట అదే తగ్గనిచ్చి, అంచుకు తెచ్చి ఆపారు. ఇది ధైర్యం కాదు, ఎప్పుడో ఎక్కడో చదివిన ముక్క ఆ క్షణానికి గుర్తురావడం. టైరు పేలినప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే బండి తిరగబడే ప్రమాదం ఎక్కువ.

అందరూ క్షేమమే. కాని బండి ఊగిన ఊపుకు మూడో వరుస సీటు వెనుక పేర్చిన సామానులోంచి ప్రెషర్ కుక్కరు సీటు మీదుగా ఎగిరి వచ్చి పక్క అద్దానికి కొట్టుకుంది. అద్దం బీటలు వారింది. మా చిన్నవాడి తల ఆ అద్దానికి జానెడు దూరంలో ఉంది. వాడు ఏడవలేదు. కుక్కరు వైపు చూస్తూ ఉండిపోయాడు. టైరు సంగతి ఎలా ఉన్నా ఆ జానెడు దూరాన్ని మేము ఇంతవరకు మరిచిపోలేదు.

స్టెప్నీ, జాకీ ఎక్కడున్నాయి? సామాను అంతటికీ అడుగున. ఆ ఎండలో మొత్తం సామాను రోడ్డు పక్కన దింపాము. అమ్మమ్మ, తాతయ్య బండి నీడలో దుప్పటి మీద కూర్చున్నారు. అరగంటకు ఒక పికప్ ఆగింది. దిగిన ఒమానీ పెద్దాయన ముందు అందరికీ చల్లటి నీళ్ళిచ్చాడు, తరువాత జాకీ అందుకున్నాడు. చక్రం బిగించాక రోడ్డు పక్క మా సామాను గుట్టనూ, మమ్మల్ని ఏడుగురినీ, బండినీ వంతులవారీగా చూసి, పాత బొంబాయి హిందీలో ఒకే మాట అడిగాడు: "ఇదంతా ఈ ఒక్క బండిలోనా?"

మేము జవాబు చెప్పలేదు.

త్రాసు చెప్పిన మాట

ఇంటికి వచ్చాక చేసిన మొదటి పని, డ్రైవరు వైపు తలుపు తెరిచి, తలుపు ఆనే స్తంభం మీద అంటించి ఉన్న చీటీ చదవడం. అయిదేళ్ళుగా ఆ తలుపు తీస్తున్నాము, ఆ చీటీ ఒక్కనాడు చదవలేదు. మనుషులు, సామాను కలిపి మొత్తం 500 కిలోలు మించరాదని దాని మీద ఉంది.

రెండో పని, బాత్‌రూము త్రాసు బయటికి తీయడం. తాతయ్య 72, అమ్మమ్మ 64, మేమిద్దరం 78, 62, పిల్లలు 41, 29. మిత్రుణ్ణి అడిగితే 85 అన్నాడు. మనుషులమే 431 కిలోలు! సామానుకు మిగిలింది 69. మరి మేము వేసినదెంత? నాలుగు సూటుకేసులు కలిపి 63. ఇరవై లీటర్ల నీళ్ళ క్యానులు రెండు, 40. ఐసు పెట్టె 22. బియ్యం, పప్పులు, కుక్కరు, పొయ్యి, గిన్నెలు 27. జంతికలు, ఆవకాయ, అరటిపళ్ళు 8. మడత కుర్చీలు, చాప 12. కేరియరు బరువు 8. మొత్తం 180. అంటే బండి మోయవలసింది 500 అయితే మేము మోయించినది 611. బండిలో కనబడని మరో పెద్దమనిషిని, వాడితో పాటు ఒక పిల్లవాణ్ణి కూడా ఎక్కించుకుని వెయ్యి కిలోమీటర్లు బయలుదేరామన్న మాట.

ఇక్కడ అందరం గమనించవలసినది ఒకటుంది. ఏడు సీట్ల బండి అంటే ఏడుగురు పెద్దవాళ్ళు, వాళ్ళ సామాను అని కాదు. మనిషికి 75 కిలోల చొప్పున ఏడుగురు కూర్చుంటేనే 525. మా బండికి అప్పటికే పరిమితి దాటింది. సామాను మాట దేవుడెరుగు. అయిదు సీట్ల కార్లలో చాలా వాటికి ఈ అంకె 400 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. అయిదుగురు పెద్దవాళ్ళకు 375 పోతే మిగిలేది ఒక్క సూటుకేసు. సీట్ల సంఖ్య, కిలోల సంఖ్య రెండూ వేరు. వాటిలో ముందు ఏది నిండితే అక్కడ ఆగాలి.

కొన్ని బండ్ల చీటీ మీద ఇంత సూటిగా ఉండదు. బండి, మనుషులు, సామాను అన్నీ కలిసిన గరిష్ఠ బరువు మాత్రమే ఉంటుంది. అప్పుడు బండితో వచ్చిన పుస్తకంలో ఖాళీ బండి బరువు చూసి తీసివేయాలి. కొందరు తయారీదారులు ఖాళీ బరువులోనే డ్రైవరుకని 75 కిలోలు కలిపి చెబుతారు, అది కూడా చూసుకోవాలి. ముందు, వెనుక ఇరుసుల పరిమితులు విడివిడిగా ఇచ్చి ఉంటే, మొత్తం సరిపోయినా వెనుక ఇరుసు మీద ఎక్కువ పడకూడదు.

టైరు ఎందుకు పేలింది?

బరువొక్కటే కారణమంటే అబద్ధం అవుతుంది. నాలుగైదు తప్పులు కలిశాయి. ఆ చీటీ మీదనే టైర్ల గాలి రెండు రకాలుగా ఇచ్చారు: మామూలు రోజులకు 33 పి.ఎస్.ఐ., నిండు బరువుతో వెనుక టైర్లకు 38. మేము 33తోనే బయలుదేరాము. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్ర చూస్తే అది తయారై ఆరేళ్ళు దాటింది. ఆ అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పైన రాపిడి కనబడకపోయినా ఈ ఎండకు రబ్బరు ముసలిదవుతుంది. వీటికి తోడు 120 వేగం, నడివేసవి తారు.

బరువు పెరిగినప్పుడు, గాలి తక్కువైనప్పుడు టైరు పక్కగోడ ఎక్కువగా వంగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ వంగి, మళ్ళీ లేస్తుంది. 120 వేగంలో నిమిషానికి సుమారు వెయ్యిసార్లు. ఇనుప తీగను అదేపనిగా వంచి లేపుతుంటే వేడెక్కి తెగినట్టే, టైరు లోపల రబ్బరు, ఉక్కు తీగల పొరలు వేడెక్కి ఒకదాన్నొకటి వదిలేస్తాయి. మేము రోడ్డు గతుకనుకున్న వణుకు అదే. అలాంటి వణుకు తెలియగానే మెల్లగా ఆపి దిగి చూడాలి.

ఇది మన ఒక్కరి కథ కాదు. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసినవి. వేడి రాష్ట్రాలలో, వేగంలో పైపొర ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. అక్కడి ప్రభుత్వ లెక్కన 270 మందికి పైగా చనిపోయారు. ఆ బండికి ఫోర్డు చెప్పిన గాలి 26 పి.ఎస్.ఐ. మాత్రమే. తప్పు టైరుదని ఒకరు, బండిదని, తక్కువ గాలిదని ఇంకొకరు వాదించుకున్నారు. ఆ సంవత్సరమే అక్కడ కొత్త చట్టం వచ్చింది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలు మించరాదని సూటిగా చెప్పే చీటీ, టైరు గాలి తగ్గితే వెలిగే దీపం ఆ చట్టం ఫలితమే. ఐతే ఆ దీపాన్ని నమ్ముకుని కూర్చోరాదు. అమెరికా నియమం ప్రకారం గాలి నాలుగో వంతు తగ్గేదాకా అది వెలగనవసరం లేదు.

గాలి ఎప్పుడూ చల్లటి టైరులోనే కొలవాలి, అంటే తెల్లవారి బండి కదలకముందు, లేదా ఇంటి దగ్గరి బంకులో. దారి మధ్యలో వేడెక్కిన టైరు నాలుగైదు పి.ఎస్.ఐ. ఎక్కువ చూపిస్తుంది. "అయ్యో ఎక్కువైంది" అని గాలి తీసేస్తే, అదే కొరివితో తల గోక్కోవడం. బిదియా ఇసుకలో దిగడానికి గాలి తగ్గించుకునేవారు మళ్ళీ తారెక్కే ముందు నింపుకోవడం మరవరాదు.

ఏది ఎక్కడ పెట్టాలి?

బరువైనవి అడుగున, వెనుక సీటు వీపుకు ఆనించి. నీళ్ళ క్యానులు, బియ్యం, ఐసు పెట్టె అక్కడే. డిక్కీ తలుపు దగ్గర బరువు పెడితే బండి తోక దిగి ముక్కు లేస్తుంది. ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. రాత్రి మన దీపాలు ఎదుటివాడి కళ్ళలో కొడతాయి. కొన్ని బండ్లలో దీపాల ఎత్తు దింపే చిన్న మీట స్టీరింగు పక్కన ఉంటుంది. నిండు బండికి దాన్ని వాడుకోవాలి.

సామాను సీటు వీపు ఎత్తు దాటరాదు. దాటితే తాడుతోనో వలతోనో కట్టాలి. ఎందుకో లెక్క చూడండి. 50 వేగంలో పోతున్న బండి దేన్నైనా కొట్టుకుని అరమీటరు లోపల ఆగితే, లోపల ఉన్న ప్రతి వస్తువు తన బరువుకు సుమారు ఇరవై రెట్లతో ముందుకు తోస్తుంది. నాలుగు కిలోల కుక్కరు 80 కిలోలు. ఇరవై లీటర్ల క్యాను 400 కిలోలు. ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పదిహేను కిలోల పాప 300 కిలోలు. ఏ తల్లి చేతులు ఆ బరువును ఆపుతాయి? ఒమాన్‌లో 2018 మార్చి 1 నుంచి వెనుక సీట్లవారికీ బెల్టు, నాలుగేళ్ళ లోపు పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి చేశారు. జరిమానా భయంతో కాకపోయినా ఈ లెక్క కోసమైనా పాటించాలి.

కేరియరు మీద పరుపులు, చాపలు, బట్టల సంచులు వంటి తేలికవే. చాలా కార్ల పైకప్పు 50 నుంచి 100 కిలోలకు మించి మోయదు. అందులో కేరియరు బరువూ కలిసే ఉంటుంది. పైన వేసిన కిలో కింద వేసిన కిలో కంటే చెడ్డది. మలుపులో, ఎదురుగాలిలో బండిని పక్కకు లాగేది అదే.

స్టెప్నీ, జాకీ, నీళ్ళు, మందుల పెట్టె మాత్రం అన్నీ దింపకుండా చేతికందాలి. ఇది ఎండలో గంటన్నర నిలబడి నేర్చుకున్న పాఠం.

కొండ దిగేటప్పుడు

జబల్ అఖ్దర్‌కు బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసులు నాలుగు చక్రాలూ తిరిగే బండ్లనే పైకి వదులుతారు. దానితో "పెద్ద బండి కదా" అని మరింత మందిని ఎక్కించడం చూస్తున్నాము. ఎక్కడానికి ఇంజను కష్టపడుతుంది. అసలు కష్టం దిగేటప్పుడు, బ్రేకులకు. సైక్ పీఠభూమి సుమారు 2000 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి కిందికి దాదాపు 1400 మీటర్లు. రెండున్నర టన్నుల బండి ఆ ఎత్తు దిగేటప్పుడు పుట్టే శక్తి అంతా వేడిగా మారితే, వంద లీటర్ల నీళ్ళు మరగకాచవచ్చు. ఆ వేడి బ్రేకుల్లోకి పోకుండా ఉండాలంటే మొదటి నుంచే తక్కువ గేరులో దిగాలి. మనం అదనంగా వేసిన ప్రతి వంద కిలోలకు మరో నాలుగు లీటర్లు మరిగేంత వేడి చేరుతుంది.

అన్నిటికంటే బరువైనది

ఇంతా వ్రాశాక అసలు సంగతి చెప్పాలి. చీటీ చదవడం కష్టం కాదు, గాలి కొట్టించడం కష్టం కాదు. "ఈసారి మా బండిలో చోటు లేదండీ" అనడం కష్టం. ఖాళీ సీటు కళ్ళముందు కనబడుతుంటే ఎలా అంటాము? పరదేశంలో ఉన్న నలుగురం ఒకరికొకరం కాకపోతే ఎవరున్నారు? ఆ మొహమాటానికే మేము ఆ సాయంత్రం తలవంచాము. అందులో మిత్రుడి తప్పు ఏమీ లేదు. బండి మాదే, చీటీ మా తలుపు మీదే ఉంది.

తిరిగి వచ్చాక ఆ మిత్రుడికి లెక్క చూపించాము. నొచ్చుకుంటాడేమో అనుకున్నాము. కాగితం రెండుసార్లు చదివి, "చిన్నవాడి పక్క కూర్చున్నది నేనే కదా" అన్నాడు. ఆ తరువాత వచ్చిన కార్తీకంలో వనభోజనాలకు తన కారు తానే తెచ్చాడు. మా ఇంటి పెద్ద గిన్నెలు రెండు అతని డిక్కీలోనే వచ్చాయి.

ఈ ఏటి వనభోజనాలకు మన సభ్యులకు చిన్న మనవి. పేర్లు ఇచ్చేటప్పుడు బండిలో సీట్లెన్నో కాకుండా కిలోలెన్నో కూడా వ్రాయండి. పులిహోర గుండిగలు, నీళ్ళ క్యానులు, పొయ్యిలు అద్దె పికప్‌లో వేద్దాము. ఖర్చు అందరం పంచుకుంటే తలకు ఎంతో పడదు. గ్యాసు సిలిండరు మాత్రం మనుషులున్న కారులోకి ఎక్కించవద్దు. సలాలా వెళ్ళేవారు బియ్యం, పప్పులు ఇక్కడి నుంచి మోయనక్కరలేదు, అక్కడ దొరకనిది లేదు. దారిలో తాగే నీళ్ళు మాత్రం తగ్గించవద్దు, ఎడారిలో బండి ఆగితే అవే ప్రాణం. ఆపదలో పోలీసు నంబరు 9999 పిల్లలకు కూడా నోటికి రావాలి.

మా ఇంట్లో ఇప్పుడు ప్రయాణమంటే తూకం బాధ్యత చిన్నవాడిది. తలుపు తీసి చీటీ పైకి చదువుతాడు, త్రాసు తెస్తాడు, నోటుపుస్తకంలో కూడికలు వేస్తాడు. పోయిన నెల సూర్ వెళ్ళేటప్పుడు ఆవకాయ జాడీతో వచ్చిన అమ్మమ్మను ఆపి, "జాడీ కూడా తూచాలి" అన్నాడు. ఆవిడ నవ్వి, జాడీ పట్టుకునే త్రాసెక్కింది.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఒకసారి కిందికి దిగి, మీ కారు తలుపు తీసి, ఆ చీటీ చదవండి. మీ అంకె ఏదో మీకు తెలియాలి.